కొత్తగా కొన్న పాత గిటారు

వీధిలో పాత సామాన్లవాడి కేక వినబడితే చాలు, అటక మీది సొట్ట గిన్నెలూ కాలు విరిగిన కుర్చీలూ వాడి తక్కెట్లో వేసి, వాడిచ్చిన నాలుగు డబ్బులూ కొంగున ముడి వేసుకునే వంశం మాది. అలాంటిది, కొత్త వస్తువును పనిగట్టుకుని పాతది చేయించి, అలా పాత చేసినందుకు ఎదురు డబ్బిచ్చి, కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు లోకంలో ఉంటారని నాకు అరవై తొమ్మిదో ఏట గాని తెలియలేదు. ఆ తెచ్చుకున్నవాడు పరాయివాడైతే నాలుగు రోజులు చెప్పుకుని నవ్వుకునేదాన్ని. ఏం చెయ్యను, వాడు మా అబ్బాయి!

2024 మే నెలలో మా వారూ నేనూ న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. ఆరు నెలలు ఉండి రావాలని సంకల్పం. విజయనగరంలో ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎదురింటివారికిచ్చి, బయలుదేరే ముందు వడ్రంగికి ఒక పని పురమాయించాను. మా అత్తగారి వీణకు కొత్త పాలిష్ పెట్టించాలి. మా మనవరాలు అక్కడ వీణ నేర్చుకుంటోంది. "పెద్ద మామ్మ వీణ నాకే పంపాలి మామ్మా" అని ఫోనులో రోజూ ఒకటే గొడవ. వెళ్ళేది అమెరికాకు, నలుగురూ చూస్తారు, కాస్త నీటుగా ఉండాలి గదా అని నా తాపత్రయం. "మీరు తిరిగి రండమ్మా, మీ కళ్ళెదుటే చేస్తాను, అద్దంలా మెరిపిస్తాను" అన్నాడు వడ్రంగి. సరేనన్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

అక్కడికి వెళ్ళిన రెండు వారాలకు, ఒక రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి మెల్లిగా అన్నాడు:

"అమ్మా, ఈ శనివారం పెన్సిల్వేనియా వెళ్ళాలి. నా గిటారు తయారయిందట. నువ్వూ నాన్నా కూడా రండి, సరదాగా ఉంటుంది."

వాడికి గిటారు పిచ్చి విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివే రోజుల్లో పట్టుకుంది. మెస్సు డబ్బులు మిగిల్చి ఒకటి కొనుక్కున్నాడు. ఉద్యోగం, పెళ్ళి, పిల్ల, ఇంటి అప్పు వరసగా వచ్చిపడేసరికి అది ఏ స్నేహితుడింట్లో ఉండిపోయిందో వాడికే తెలియదు. ఇప్పుడు వాడికి నలభై నాలుగేళ్ళు. ఇన్నాళ్ళకు మళ్ళీ ముచ్చట పడ్డాడు కదా అని నేను సంతోషించబోయాను.

"ఎంతట?" అన్నారు మా వారు.

"మూడు వేల రెండు వందలు" అన్నాడు వాడు, మజ్జిగ గ్లాసులోకి చూస్తూ.

మా వారు బ్యాంకులో పని చేసి రిటైరయ్యారు. డాలరు మాట చెవిన పడగానే హెచ్చవేత మొదలు పెట్టడం ఆయనకు అలవాటు. పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకునే, "ఎనభై మూడున్నర చొప్పున రెండు లక్షల అరవై ఏడు వేల రెండు వందలు" అన్నారు. ఆ ముద్ద మళ్ళీ కంచంలోకే దిగింది.

"మీరే చెప్పండి అత్తయ్యా" అంది మా కోడలు. "కొత్తదైతే నేనేమీ అనకపోదును. ఒక్కసారి ఆ ఫొటో చూడండి."

వాడు ఫోను తీసి చూపించాడు. ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలాంటి లేత నీలం రంగు. అంచుల్లో ఆ రంగు కూడా పోయి చెక్క బయటపడింది. వీపంతా గీతలు. పైన సాలెగూడులాగా సన్నని నెరియలు. మరలు చిలుము పట్టి ఉన్నాయి.

"ఇది నీ పాత గిటారా? కొత్తది చూపించరా" అన్నాను.

"అదేనమ్మా కొత్తది."

నాకు మాట రాలేదు. మా వారికి మాత్రం వచ్చింది. "ఈ గీతలన్నీ ధరలో చేరినవేనా, పైన వేరే బిల్లా?" అన్నారు.

"చేరినవే నాన్నా. గీతలు లేకుండా అయితే నాలుగు వందలు తగ్గుతుంది."

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నవ్వకుండా నిద్రపోలేదు, మా కోడలు తప్ప.

శనివారం బయలుదేరాం. రెండు గంటల ప్రయాణం. దారిలో నేను ఉండబట్టలేక అడిగాను: "ఏమిరా నాయనా, ఆ గీతలేవో నువ్వే పదేళ్ళు వాయించి పడేసుకోవచ్చు కదా? వాయిస్తే డబ్బు అక్కర్లేదు గదా?"

వాడు కొంచెంసేపు ఊరుకుని అన్నాడు: "కొత్తది కొని చూశానమ్మా రెండేళ్ళ కిందట. తళతళలాడుతూ ఉండేది. దాన్ని చేతిలోకి తీసుకుంటే భయం. బొత్తాం తగిలి గీత పడుతుందేమో, పాప వచ్చి తోస్తుందేమో అని. పెట్టెలోంచి తియ్యడమే మానేశాను. చివరికి అమ్మేశాను. ఇది అయితే ముందే దెబ్బలు తినేసింది. ఇక దాన్ని చూసి భయపడక్కర్లేదు."

మాట వరసకు అన్నాడో, మనసులోంచి అన్నాడో గాని, నాకు వాడు పుట్టినప్పటి సంగతి గుర్తుకొచ్చింది. పసిబిడ్డకు మొదట కొత్త బట్ట తొడగనివ్వరు మన ఇళ్ళల్లో. మా అత్తగారు తన పాత నేత చీర మెత్తగా నలిగినది చింపి, దానిలో వీణ్ణి చుట్టింది. కొత్త బట్ట ఒరుసుకుంటుంది, పాత బట్ట ఒదిగిపోతుంది అనేది ఆవిడ. అంతెందుకు, పాత బియ్యానికి కొత్త బియ్యం కంటె రెండు రూపాయలు ఎక్కువిచ్చి కొనేవాళ్ళమే గదా మనం! అట్లపెనం కొత్తది తెస్తే మొదటి పది అట్లూ దాని పాలే. అంచేత వాడి మాట కొట్టిపారెయ్యలేకపోయాను. కాని రెండు లక్షల అరవై ఏడు వేలు మాత్రం గొంతు దిగలేదు.

ఆ గిటార్లు చేసే ఆయన ఇల్లు ఒక పల్లెలో ఉంది. ఇంటి వెనక పెద్ద కొట్టం లాంటిది, అదే ఆయన కార్ఖానా. అరవై దాటిన మనిషి. ఉన్నది ఆయనా, ఆయన భార్యా. చెక్కపని ఆయనది, తీగె చుట్టే పని ఆవిడది. నా ఇంగ్లీషు వినడానికి సరిపోతుంది, మాట్లాడడానికి చాలదు. నా ప్రశ్నలన్నీ మా అబ్బాయి నోటిమీదుగా వెళ్ళాయి.

ఈ ఎలక్ట్రిక్ గిటారుకు మన వీణకున్నట్టు కుండ ఉండదు. లోపల బోలు లేని నిండు చెక్క. తీగెల కింద అయస్కాంతపు ముక్కలు పెట్టి, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగె ఏడెనిమిది వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగె కదిలితే, ఆ రాగి చుట్టలో కాస్తంత కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయరు పెద్దది చేసి వినిపిస్తుంది. ఆవిడ మా ఎదుట ఒకటి చుట్టి చూపించింది. ఊలు చుట్టినట్టే ఉంది గాని, తెగితే మళ్ళీ మొదటికే వస్తుందట.

ఇలాంటి గిటార్లను పెద్దయెత్తున మార్కెట్టులోకి తెచ్చినవాడు లియో ఫెండర్ అని, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆయనకు గిటారు వాయించడం రాదట! అయినా 1950లో ఒక నమూనా, 1954లో మరొక నమూనా తెచ్చాడు. మా అబ్బాయి చేయించుకున్నది ఆ 1954 నమూనాను పోలినది. ఆనాటి గిటార్లు ఇప్పుడు సామాన్యులు కొనలేని ధర పలుకుతాయి. అందుకని, చూడ్డానికి అచ్చం వాటిలా ఉండేవి కొత్తగా చెయ్యడం మొదలయింది. 1995లో ఆ ఫెండర్ కంపెనీయే ఇలా అరగదీసిన గిటార్లను అమ్మకానికి పెట్టింది. తరువాత ఈయన లాంటి వాళ్ళు ఇళ్ళ దగ్గర ఒక్కొక్కటే చేతితో చేసి ఇవ్వసాగారు.

"ఎలా పాత చేస్తారు?" అని అడిగాను. నాకు అసలు కుతూహలం అదే.

ఆయన ఉత్సాహంగా లేచి ఒక మూలనున్న పెద్ద ఫ్రీజరు మూత ఎత్తాడు. మా కోడలైతే బఠాణీలూ పరోటాలూ పెట్టుకునే పెట్టె అది. లోపల గిటారు చెక్క ఒకటి పడుకుని ఉంది! మా వారు కళ్ళద్దాలు సవరించుకుని మరీ చూశారు.

సంగతేమిటంటే, ఆ పాత గిటార్ల మీద పూసినది నైట్రోసెల్యులోజ్ లక్క. దూదిని ఆమ్లాలతో కలిపి తయారుచేస్తారు. పూర్వం మోటారు కార్లకూ ఇదే జాతి పూత. సినిమా రీళ్ళూ ఒకప్పుడు ఈ జాతి సరుకుతో చేసినవే. కాలం గడిచేకొద్దీ ఆ పూత ఎండి పెళుసెక్కుతుంది. కింది చెక్కేమో ఎండకూ చలికీ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పైది దానితోబాటు కదలలేక సన్నని నెరియలు పడుతుంది. ఇప్పటి ఫ్యాక్టరీ గిటార్లకు సామాన్యంగా పూసేది ప్లాస్టిక్ జాతి గట్టి పూత. అది అలా చీలదు. అంచేత ఈయన ఆ పాత లక్కే పూసి, ఎండనిచ్చి, ఫ్రీజరులో పెట్టి, బయటికి తీసి వేడి గాలి కొడతాడు. నలభై ఏళ్ళ ఎండా చలీ ఒక మధ్యాహ్నంలో అయిపోతాయన్నమాట! నెరియలు పడేటప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడు కూడా వస్తుందట.

మరలకూ బిళ్ళలకూ వేరే వైద్యం. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున ఆమ్లం గిన్నె పెట్టి, పైన ఇవి వేలాడదీస్తాడు. ఆ ఆవిరికే మెరుపు పోయి చిలుము పడుతుంది. వెనకవైపు బెల్టు బకిలు ఒరుసుకున్నట్టు గీతలు పడడానికి ఒక పాత బెల్టే ఉంది ఆయన దగ్గర. ఇక మోచెయ్యి ఆనేచోట రంగు పోవాలి. దానికి మాత్రం ఆర్డరిచ్చిన మనిషిని కూర్చోబెట్టి, గిటారు పట్టించి, చెయ్యి ఎక్కడ ఆనుతుందో సుద్దతో గుర్తు పెట్టుకుంటాడు. మా అబ్బాయికీ అలాగే పెట్టుకున్నాడట. ఆ గుర్తులో రంగు పోయేదాకా రుద్దుతాడు.

"దేనితో?" అన్నాను.

ఆయన బల్లమీంచి ఒక గరుకు కాగితం ముక్క తీసి చూపించాడు.

ఎందుకో ఆ కాగితం చూసేసరికి నా గుండెల్లో ఏదో కలుక్కుమంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

"అడుగరా" అన్నాను మా అబ్బాయితో. "ఇది మోసం కాదా అని అడుగు."

వాడు మొహమాటపడ్డాడు. నేను పట్టుబట్టాను. ఆయన కోపగించుకోలేదు, సరిగదా నవ్వాడు. మరలు నాలుగు విప్పి గిటారు మెడను ఊడదీశాడు. లోపల, పైకి కనబడని చోట, పెన్సిలుతో ఆయన సంతకం, 2024 అని అంకె. "పాతదని చెప్పి అమ్మేవాడు ఇక్కడ సంతకం చెయ్యడు" అన్నాడు. పారిస్‌లో వుయోమ్ అని ఒక పెద్ద వయొలిన్ శిల్పి ఉండేవాడట, 1798లో పుట్టి 1875లో పోయాడు. ఆయన స్ట్రాడివరి, గ్వార్నేరి వయొలిన్లకు నకళ్ళు చేస్తూ, ఆ పాత వార్నీషు అరుగుదలను కూడా అలాగే దింపేవాడట. ఇది కొత్త పిచ్చేమీ కాదమ్మా అన్నట్టు చెప్పుకొచ్చాడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు సంగీత కళాశాల నడిపిన ఊరినుంచి వచ్చినదాన్ని నేను. వయొలిన్ పేరెత్తాక ఇంక వాదం ఏం చేస్తాను!

అప్పుడు ఆయన గోడకు వేలాడుతున్న ఒక గిటారు దింపి నా ఒళ్ళో పెట్టాడు. అది నిజంగా పాతది, 1960లలోది. ఎవరో క్లబ్బుల్లో ముప్పై ఏళ్ళు వాయించినదట. నమూనాకోసం కొని దగ్గర ఉంచుకున్నాడు. పక్కనే మా అబ్బాయిది పెట్టి చూశాను. చెప్పొద్దూ, చూపుకు తేడా తెలియలేదు. ఆ మాటే అన్నాను.

ఆయన తల ఊపి, పాతదాని పై అంచు చూపించాడు. అక్కడ ఒక చిన్న మచ్చ, కాలినట్టు ఉంది. ఇంకోచోట మూడు గంట్లు. "ఈ మచ్చ ఎందుకు పడిందో దీన్ని వాయించిన మనిషికి తెలుసు" అన్నాడు. "నేను పెట్టినవాటికి కారణం ఉండదు. గీతలు నేను పెట్టగలను. ఆ మనిషిని పెట్టలేను. ఆ తరువాతి పని మీ అబ్బాయిది."

ఆ మాటమీదే ఐర్లండ్ దేశపు గిటారు వాద్యకుడు రోరీ గల్లఘర్ సంగతి వచ్చింది. 1961లో తయారైన గిటారును ఆయన 1963లో కార్క్ నగరంలో కొన్నాడు. 1995లో చనిపోయేదాకా దాన్ని విడవలేదు. చెమటకు రంగంతా దాదాపు ఊడిపోయి వట్టి చెక్క మిగిలింది. ఆ అరుగుదలంతా చూసి చూసి అచ్చం అలాంటి నకళ్ళు కూడా చేసి అమ్మారట. మేం అక్కడ ఉండగానే, అక్టోబరులో, ఆ అసలు గిటారు లండనులో వేలానికి వచ్చింది. ఎనిమిది లక్షల పౌండ్లకు పైగా పలికిందనీ, కొన్నవాళ్ళు దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇస్తున్నారనీ మా అబ్బాయి పేపరు చదివి చెప్పాడు. మా వారు ఈసారి హెచ్చవేయలేదు. "ఆ ఊడిన రంగు వెల అన్నమాట" అని ఊరుకున్నారు.

సరే, డబ్బు కట్టేశాం. మా అబ్బాయి అక్కడే ఒక స్టూలు మీద కూర్చుని వాయించాడు. నాకు ఆ సంగీతం అర్థం కాదు. కాని వాడి మోచెయ్యి వెళ్ళి ఆ రంగు పోయినచోట ఆనింది. ఆనగానే వాడి భుజం కిందికి దిగింది. అంతవరకూ బిగబట్టుకున్న మనిషి ఊపిరి వదిలినట్టు. అది నేను చూశాను.

తిరుగు ప్రయాణంలో మా వారు వెనక సీట్లో నిద్రపోయారు. నేను ముందు కూర్చున్నాను. వాడు కారు నడుపుతూ అన్నాడు:

"మామ్మ ఎప్పుడూ ఒళ్ళో తువ్వాలు వేసుకుని వీణ వాయించేది, గుర్తుందా అమ్మా?"

"ఎందుకు గుర్తులేదు? కుండమీద తువ్వాలు మడత పెట్టుకుని, దానిమీద చెయ్యి పెట్టుకునేది. పాలిష్ పాడవుతుందని."

"పాలిష్ గురించి కాదమ్మా. నేనొకసారి అడిగాను. 'చెయ్యి జారిపోతోందిరా నాన్నా, చోటు దొరకటం లేదు' అంది."

కారు పోతూనే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు వీణ సంగతి చెప్పాలి. అది బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసినది. కుండా దండీ కూడా ఒకే పనసదుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ. మా అత్తగారికి పెళ్ళిలో వాళ్ళ నాన్నగారిచ్చారు. నేను కాపరానికి వచ్చేసరికే దానికి ముప్పై ఏళ్ళు. కుండ అంచున ఆవిడ కుడిచెయ్యి ఆనేచోట అరచెయ్యంత మేర లక్కంతా పోయి, చెక్క నున్నగా నల్లబడి ఉండేది. దండి వెనక ఎడమచేతి బొటనవేలు నడిచిన దారి పొడుగునా నూనె మరక లాంటి చార. చూసినప్పుడల్లా నాకు చిన్నతనంగా ఉండేది. ఇంత మంచి వాద్యం, ఇంత మాసిపోయి ఉందేమిటా అని.

1983లో అత్తగారూ మామగారూ కాశీయాత్రకు వెళ్ళారు. ఇరవై రోజులు. అదే సమయంలో మా ఆడపడుచు పెళ్ళికని ఇంట్లో తలుపులకూ మంచాలకూ పాలిష్ పెట్టిస్తున్నాం. ఆవిడ వచ్చేసరికి సంతోషపెట్టాలని, నేనే వీణ తెచ్చి పాలిష్‌వాడి ముందు పెట్టాను. మెట్ల జోలికి పోవద్దని మాత్రం చెప్పాను. వాడు గరుకు కాగితం పెట్టి పాత లక్కంతా రాల్చేశాడు. ఆ అరచెయ్యి చోటూ, ఆ బొటనవేలి చారా, అన్నీ ఒక్క పూటలో సాఫు. పైన మూడు పూతలు. అద్దంలా మెరిసింది.

ఆవిడ కాశీనుంచి వచ్చి, స్నానం చేసి, వీణ దగ్గరికి వచ్చింది. నేను పక్కనే నిలబడ్డాను మెప్పుకోసం. ఆవిడ కూర్చుని, చెయ్యి ఆనించింది. తీసింది. మళ్ళీ ఆనించింది.

"ఎవరిదో వీణలా ఉందే" అంది నవ్వుతూ. తరువాత నా ముఖం చూసి, "మంచి పని చేశావమ్మా, ఎంత బాగుందో" అంది.

అంతే. అటు తరువాత ఇరవై ఏళ్ళు బతికింది. ఆ మాట మళ్ళీ ఒక్కనాడు ఎత్తలేదు. ఎవరిదో వీణలా ఉందన్న మాటను నేను మెప్పు కిందే జమ కట్టుకున్నాను. తువ్వాలు వేసుకుంటే, నా పాలిష్ మీద ఎంత ముద్దో అనుకుని మురిసిపోయాను కూడా. ముప్పై ఏళ్ళ చెయ్యి నేను రాల్చి పారేశానని, ఆవిడ తన వీణమీద తానే చోటు వెతుక్కుంటోందని నలభై ఏళ్ళ తరువాత, పెన్సిల్వేనియా రోడ్డుమీద, నా కొడుకు నోట విన్నాను.

కోపం తెచ్చుకుని రెండు మాటలన్నా బాగుండేది. మా కాలపు అత్తగార్లు కోడళ్ళను అననిమాట లేదని చెప్పుకుంటారు. అనవలసినచోట ఆవిడ అనలేదు. కొడుకు కొడుక్కు, అదీ పసివాడు అడిగితే, ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

"అమ్మా, ఏమయింది?" అన్నాడు వాడు.

"ఏమీ లేదు. ఆ గిటారు ధర ఎక్కువేమీ కాదురా" అన్నాను.

వాడు ఆశ్చర్యంగా చూశాడు. ఇంటికి వెళ్ళాక మా కోడలు నన్ను అంతకంటె ఆశ్చర్యంగా చూసింది, తన పక్షాన ఉంటానని నమ్ముకున్న మనిషి కదా! పాపం, ఆ అమ్మాయికి కూడా ఆ తరువాత మనసు మారింది. ఆ ఆరు నెలల్లోనూ రాత్రి తొమ్మిదయ్యేసరికి మావాడు ఫోను పక్కన పడేసి గిటారు తీసేవాడు. ఒకనాడు మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ గిటారును బల్లకేసి కొట్టింది. అంచున కొత్త గంటు పడింది. మేమందరం బిగుసుకుపోయాం. వాడు దాన్ని తడిమి చూసి, "ఇది మాత్రం నాదే" అని నవ్వాడు.

నవంబరులో తిరిగివచ్చాం. పెట్టెలు విప్పకముందే వీణ గలేబు తీశాను. ఆవిడ పోయింది 2003లో; ఆ తరువాత దసరాకు బొట్టు పెట్టడానికి తప్ప దాన్ని పరకాయించి చూసినదాన్ని కాను. కిటికీ దగ్గరికి జరిపి వెలుతురులో చూశాను. మెట్లమీద తీగె కోసిన గాడులు అలాగే ఉన్నాయి. కుండ అంచున, కుడిచెయ్యి ఆనేచోట, నేను పూయించిన పాలిష్ చెదిరి, రూపాయి బిళ్ళలు నాలుగు పేర్చినంత మేర పలచబడి ఉంది. చివరి రోజుల్లో ఆవిడ తువ్వాలు వేసుకునేది కాదు. ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. చెయ్యి జారడం మానేశాకే అయి ఉంటుంది.

మర్నాడు వడ్రంగి వచ్చాడు, సంచిలో గరుకు కాగితాలూ సీసాలూ పట్టుకుని.

"పాలిష్ వద్దు నాయనా" అన్నాను. "గొల్లపల్లి నుంచి మనిషిని పిలిపించి మెట్లకింద మైనం ఒక్కటి మార్పిస్తాను. నువ్వు ప్రయాణంలో దెబ్బ తగలకుండా మంచి పెట్టె చెయ్యి, చాలు."

"ఇలాగే పంపుతారా అమ్మా?" అన్నాడు వాడు నొచ్చుకుంటూ. "ఈ మరకలూ అవీ చూసి అక్కడివాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. అక్కడ వీటికి ఎదురు డబ్బిస్తారు" అన్నాను.

వాడు నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు. పెట్టెకు కొలతలు తీసుకుంటూ, ఆ పలచబడిన చోట వేలు పెట్టి రుద్దబోయాడు. నేను గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాను.